తొక్కితే స్టార్ట్ కాని ఇంజన్ సైకిల్: ఏ మార్పు ఎవరికి పనికొస్తుంది?

సైకిల్‌కు బిగించిన ఇంజన్ తొక్కి స్టార్ట్ చేయడం కష్టంగా ఉందని చెప్పేవాళ్లందరి బాధా ఒకటి కాదు. కొందరికి క్లచ్ లివర్ లాగి పట్టుకున్నప్పుడే, అంటే ఇంజన్‌ను చక్రం నుంచి విడదీసి ఉంచినప్పుడే, సైకిల్ బరువుగా ఉంటుంది, వేగం అందుకోదు. కొందరికి సైకిల్ హాయిగానే పరుగెత్తుతుంది, క్లచ్ వదలగానే వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఇంకొందరికి ఇంజన్ చక్కగా తిరుగుతుంది, పొగ గొట్టం పట్‌పట్‌మంటుంది కూడా, కానీ నిప్పు అందుకోదు. మొదటిది క్లచ్ దోషం, రెండోది వేగానికీ కంప్రెషన్‌కీ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కడానికీ) సంబంధించినది, మూడోది స్పార్కు లేదా పెట్రోలు సమస్య. ఒకదానికి మందు మరొకదానికి వేస్తే డబ్బు పోతుంది, కష్టం అలాగే ఉంటుంది. కంప్రెషన్ తగ్గించే వాల్వు బిగించుకున్న తరువాత ‘అయినా స్టార్ట్ కావడం లేదు’ అని వాపోయేవాళ్లలో చాలామందిది మూడో జబ్బు.

అందుకని ఏదైనా కొనేముందు ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకోండి. వెనక చక్రాన్ని నేల నుంచి ఎత్తి, క్లచ్ లివర్ లోపలికి లాగి లాక్ చేసి, చక్రాన్ని చేత్తో తిప్పండి. చెయిన్ చప్పుడు తప్ప మరే అడ్డూ లేకుండా కొన్ని చుట్లు తిరగాలి. అర చుట్టుకే ఆగిపోతే ఇక్కడే దొరికింది దొంగ. చక్రం బాగానే తిరిగితే స్పార్క్ ప్లగ్ విప్పేసి, క్లచ్ వదిలేసి మళ్లీ తిప్పండి. ప్లగ్ లేనప్పుడు సిలిండర్‌లో గాలి నొక్కుకుపోదు కాబట్టి ఇంజన్ కాస్త భారంగానైనా సాఫీగా తిరగాలి. అప్పుడూ తిరగకపోతే కంప్రెషన్‌ను నిందించి లాభం లేదు. లోపల ఏదో రాసుకుంటోంది, లేదా చెయిన్ మరీ బిగుతుగా ఉంది.

క్లచ్ వదిలిన క్షణంలో ఏం జరుగుతుంది?

ఇక్కడ కొంచెం లెక్క చూడటం మంచిది, ఎందుకంటే తరువాత వచ్చే సలహాలన్నీ దీని మీదే నిలబడతాయి. సైకిళ్లకు ఎక్కువగా బిగించే టూ స్ట్రోక్ కిట్‌లో సిలిండర్ వ్యాసం 47 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 38 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 66 సి.సి. లోపల 20, 82 పళ్ల గేర్ల జత ఉంటుంది. బయట ముందు 10 పళ్లు, వెనక 44 పళ్లు. అన్నీ కలిపితే వెనక చక్రం ఒకసారి తిరిగేలోగా ఇంజన్ 18 సార్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రమైతే సైకిల్ సుమారు 11.5 సెంటీమీటర్లు ముందుకు జరిగిన ప్రతిసారీ పిస్టన్ ఒకసారి గాలిని నొక్కుతుంది. అంటే మీటరు దూరంలో ఎనిమిది తొమ్మిది అడ్డుగోడలు. నిలబడి ఉన్న సైకిల్ మీద నుంచి కాలి బలంతో ఆ గోడలు ఒక్కొక్కటిగా దాటడం దాదాపు అయ్యే పని కాదు.

పరుగులో ఉన్న సైకిల్ సంగతి వేరు. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలనుకుందాం. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో ఆ బరువులో దాగి ఉన్న శక్తి 220 జౌళ్లు. 16 కిలోమీటర్ల వేగంలో దాదాపు 890 జౌళ్లు. వేగం రెండింతలు, శక్తి నాలుగింతలు. పిస్టన్‌ను తొలి చుట్లు తిప్పేది కాళ్లు కాదు, ఈ పరుగే. కాళ్ల పని ఆ పరుగును కూడబెట్టడం వరకే.

స్టాండు వేసి, వెనక చక్రం గాల్లో ఉంచి తొక్కి స్టార్ట్ చేయడం ఎందుకంత కష్టమో కూడా ఇదే లెక్క చెబుతుంది. అక్కడ మీ బరువు పరుగులో లేదు. రిమ్ము, టైరు, ట్యూబు కలిపి రెండు కిలోలు ఉన్నాయనుకుంటే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తిప్పినా అందులో నిలిచే శక్తి 50 జౌళ్లలోపే. క్లచ్ వదలగానే ఆ శక్తి ఒకటి రెండు నొక్కుళ్లతోనే చాలావరకు హరించుకుపోతుంది. స్టాండు మీదే స్టార్ట్ చేయాలని పట్టుదల ఉన్నవాళ్లకు కంప్రెషన్ వాల్వు అవసరం. దారి మీద పరుగెత్తించి స్టార్ట్ చేసేవాళ్లకు అది సౌకర్యం మాత్రమే.

ఖర్చు లేని మార్గం: వేగం, క్లచ్

నన్నడిగితే మొదటి ఎంపిక ఎప్పుడూ ఇదే. గేర్ల సైకిలైతే తేలిక గేరులో మొదలుపెట్టి, గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగం అందుకున్నాకే క్లచ్ వదలాలి. వదిలేటప్పుడు సీటు మీద గట్టిగా కూర్చోవాలి, అప్పుడే వెనక టైరు నేలను పట్టుకుంటుంది. పెడల్ మీద నిలబడి క్లచ్ వదిలితే బరువు ముందుకు పోయి టైరు జారుతుంది, తడి నేల మీద మరీను. లివర్‌ను ఒక్కసారిగా, పూర్తిగా వదలాలి. నెమ్మదిగా వదిలితే మెత్తగా ఉంటుందని కొందరు అనుకుంటారు గానీ, కూడబెట్టిన పరుగంతా క్లచ్ ప్యాడ్ల రాపిడిలోనే కరిగిపోతుంది, ఇంజన్ వరకు చేరేది కొంచెమే. యాక్సిలరేటర్ పావు వంతు తెరిచి ఉంచండి. మొదటి పేలుడు వినబడగానే తొక్కడం ఆపకండి, నాలుగైదు పేలుళ్లు వరుసగా వచ్చేదాకా కాలు ఆడుతూనే ఉండాలి. ఏటవాలు దారి దొరికితే ఇంకా మంచిది.

ఇంత చేసినా వేగం అందకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో చూడాలి. కేబుల్ వదులుగా ఉంటే లివర్ చివరిదాకా లాగినా లోపలి ప్యాడ్లు సగమే విడిపోతాయి, మీరు సైకిల్‌తో పాటు ఇంజన్‌ను కూడా సగం మోస్తూ తొక్కుతుంటారు. క్లచ్ చేయి దగ్గర రెండు మిల్లీమీటర్ల ఆట మిగిలేలా కేబుల్ బిగిస్తే చాలు. కుడివైపు మూత తీస్తే పువ్వు ఆకారంలో ఒక నట్టు కనబడుతుంది. స్ప్రింగ్ ఒత్తిడిని సరిచేసేది అదే, దాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న స్క్రూ పక్కనే ఉంటుంది. ఆ నట్టును ఒక్కో గాడి చొప్పున తిప్పి చూడాలి. మరీ బిగిస్తే లివర్ లాగడం కష్టం, మరీ వదిలితే క్లచ్ జారి ఇంజన్ తిరగనే తిరగదు.

ఇక్కడే చాలామంది పోగొట్టుకునే వస్తువు ఒకటుంది. ఎడమవైపు మూత విప్పినప్పుడు క్లచ్‌ను నెట్టే కడ్డీ దగ్గర నుంచి ఒక చిన్న ఉక్కు గోళీ జారి పడుతుంది. గ్రీజు ఉంటే మూతకు అంటుకుని ఉంటుంది, లేకపోతే నేల మీద దొర్లి మాయమవుతుంది. అది లేకుండా మూత బిగించేస్తే క్లచ్ నెట్టే దూరం తగ్గిపోతుంది. ఆ తరువాత కేబుల్ ఎంత బిగించినా ఫలితం ఉండదు. చెయిన్ మార్చిన రోజు నుంచే తొక్కడం బరువైందని ఎవరైనా అంటే ముందుగా ఆ గోళీ ఉందో లేదో చూడమంటాను.

చెయిన్ సంగతీ ఇందులో భాగమే. నడిమధ్య వేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు కదలాలి. స్పోకులకు రబ్బరు బిళ్లల మధ్య తొమ్మిది బోల్టులతో బిగించే వెనక పళ్లచక్రం నడిమధ్యకు రాకపోతే చెయిన్ ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా ఉంటుంది. చక్రం తిప్పుతూ అన్ని చోట్లా కొలవండి, బాగా బిగుతుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోండి.

ఇంజన్ తిరుగుతుంది, అంటుకోదు

దీనికి కంప్రెషన్‌తో పని లేదు. ఈ ఇంజన్లలో బ్యాటరీ ఉండదు, ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే మ్యాగ్నెటో వేగాన్ని బట్టే స్పార్కు బలం. కాబట్టి నిదానంగా తిప్పితే స్పార్కు బలహీనంగానే వస్తుంది. కిట్‌తో వచ్చిన ప్లగ్ బదులు ఎన్‌జీకే బీ6హెచ్‌ఎస్ లాంటి మంచి ప్లగ్ పెట్టి, దాని కొనల మధ్య ఖాళీని 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉంచడం అన్నింటికన్నా చౌకైన మెరుగుదల. ఇంజన్ నుంచి వచ్చే తెల్ల వైరుకు లైటు కలిపి ఉంటే తీసేయండి, అది స్పార్కు శక్తిని పంచుకుంటుంది. ఆపే స్విచ్ వైరును కూడా ఒకసారి విడదీసి చూడండి. లోపల ఎక్కడో తగిలి ఉంటే ఎంత తొక్కినా స్పార్కు రాదు.

పెట్రోలు వైపు చూస్తే, చల్లని ఇంజన్‌కు చోక్ తప్పనిసరి. కార్బురేటర్ మీద చిన్న బటన్ ఉంటే పెట్రోలు తడి కనబడేదాకా నొక్కాలి. వేడి ఇంజన్‌కు ఇవి రెండూ అక్కర్లేదు, చేస్తే ప్లగ్ తడిసిపోతుంది. తడిసిందని అనుమానమొస్తే పెట్రోలు కుళాయి మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొంత దూరం తొక్కండి. కొత్త ఇంజన్ అలవాటు పడేదాకా లీటరుకు 62 మిల్లీలీటర్ల ఆయిల్ కలపడం మామూలే, కానీ ఆ తరువాత కూడా అదే మోతాదు కొనసాగిస్తే ప్లగ్ మసిబారుతుంది. అప్పటికి లీటరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు చాలు. కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య గాస్కెట్ (సందు మూసే పలుచని బిళ్ల) దగ్గర గాలి లాగుతున్నా ఇవే లక్షణాలు కనబడతాయి.

పళ్లచక్రం మార్చడం

వెనక పెద్ద పళ్లచక్రం వేస్తే స్టార్టింగ్ తేలికవుతుందని తరచూ వినబడే సలహా. సగమే నిజం. 44 పళ్ల బదులు 50 పళ్లు వేస్తే అదే వేగంలో ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది. గంటకు 10 కిలోమీటర్ల దగ్గర 1450 చుట్ల బదులు 1650 చుట్లు. స్పార్కు బలం పెరుగుతుంది, ఎత్తు మీద లాగుడు బాగుంటుంది. కానీ గోడలు కూడా దగ్గరవుతాయి, 11.5 సెంటీమీటర్లకు ఒకటి కాస్తా 10 సెంటీమీటర్లకు ఒకటి అవుతుంది. క్లచ్ వదిలినప్పుడు చక్రానికి తగిలే అడ్డు సుమారు 14 శాతం పెరుగుతుంది. 36 పళ్లు వేస్తే దానికి విరుద్ధం: అడ్డు 18 శాతం తగ్గుతుంది, ఇంజన్ చుట్లు 1200 దగ్గరకు పడిపోతాయి. కాబట్టి చక్రం బిగుసుకుపోయేవాళ్లు పెద్దది వేసుకుంటే కష్టం పెరుగుతుంది. స్పార్కు చాలనివాళ్లు చిన్నది వేసుకుంటే ఇంజన్ అసలు అంటుకోదు. పళ్లచక్రాన్ని మీరు తిరిగే దారిని చూసి ఎంచుకోవాలి, స్టార్టింగ్ కోసం కాదు.

మందపు గాస్కెట్

హెడ్ (సిలిండర్ మీది మూత) కింద మందమైన గాస్కెట్ వేసి కంప్రెషన్‌ను శాశ్వతంగా తగ్గించడం మరో దారి. ఒక్క మిల్లీమీటరు మందం పెరిగితే దహన గది 1.7 సి.సి. పెరుగుతుంది. అంత చిన్న గదికి అది తక్కువేమీ కాదు. స్టార్టింగ్ తేలికవుతుంది, నిజమే. రెండు క్షణాల సుఖం కోసం ప్రయాణమంతా ఇంజన్‌ను నీరసంగా నడపడం నాకు నచ్చదు. కంప్రెషన్ మరీ ఎక్కువగా ఉండే ప్రత్యేక హెడ్ బిగించుకుని ఇబ్బంది పడుతున్నవాళ్లు మాత్రం పాత హెడ్‌కు తిరిగి వెళ్లడం మేలు.

కంప్రెషన్ వాల్వు: అమర్చగలిగితే అన్నింటికన్నా మంచిది

చెట్లు కోసే రంపాల ఇంజన్లలో ఉండేదే ఇది. హెడ్‌లో ఒక చిన్న వాల్వు తెరుచుకుని నొక్కిన గాలిలో కొంత బయటికి వదిలేస్తుంది, ఇంజన్ తేలిగ్గా చుట్టు అందుకుంటుంది. కొత్త ఆలోచనేమీ కాదు. 1946లో ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చిన వెలోసోలెక్స్ అనే మోటారు బిగించిన సైకిల్‌లోనూ ఈ ఏర్పాటు ఉండేది: మీట పట్టుకుని తొక్కాలి, వేగం అందాక వదలాలి.

రెండు రకాలున్నాయి. బటన్ రకాన్ని బయలుదేరే ముందు నొక్కితే తెరుచుకుంటుంది, మొదటి పేలుడు ఒత్తిడికి తనంతట తానే మూసుకుంటుంది. చవక, కేబుల్ ఉండదు. కానీ పేలుడు బలహీనంగా వచ్చి వాల్వు మూసుకుపోయి, ఇంజన్ మాత్రం ఆగిపోతే మళ్లీ దిగి నొక్కాలి. కేబుల్ రకంలో మీట హ్యాండిల్ మీద ఉంటుంది. క్లచ్ వదిలి, ఇంజన్ చకచకా తిరగడం మొదలయ్యాక మీట వదిలితే కంప్రెషన్ ఒక్కసారిగా వచ్చి నిప్పు అందుకుంటుంది. తొక్కి స్టార్ట్ చేసే సైకిల్‌కు ఇదే సరైనది. రంపాన్ని చేత్తో పట్టుకుని తాడు లాగే మనిషికి బటన్ చాలు, పరుగులో ఉన్న సైకిల్ మీద వంగి హెడ్ మీది బటన్ నొక్కడం కుదరదు కదా.

చిక్కల్లా అమర్చడంలోనే ఉంది. హెడ్‌కు రంధ్రం వేసి మర కోయాలి, ఆ చోటు ఫిన్నుల (వేడిని వదిలే రెక్కల) మధ్య తగినంత మందంగా ఉండాలి, హెడ్ బోల్టుకు తగలకూడదు, వాల్వు కొన లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కు తాకకూడదు. డ్రిల్లు పొడి సిలిండర్‌లో పడకుండా హెడ్ విప్పి బయట పెట్టే చేయాలి. ఈ పని చేతకాకపోతే, వాల్వు కోసం రంధ్రం ముందే ఉన్న హెడ్ కొనుక్కోవడం మేలు. వాల్వు అంచున మసి పేరుకుంటే పూర్తిగా మూసుకోదు, ప్రయాణంలో సన్నని ఈల చప్పుడు వస్తుంది, బలం తగ్గుతుంది. విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది.

తాడు లాగే స్టార్టర్, సెంట్రిఫ్యూగల్ క్లచ్

తొక్కడమే వద్దనుకునేవాళ్లు తాడు స్టార్టర్ వైపు చూస్తారు. క్లచ్ లాక్ చేసి, సైకిల్ నిలబెట్టి, తాడు లాగడం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, ఎత్తు మీద ఇల్లున్నవాళ్లకు ఇది వరమే. కానీ టూ స్ట్రోక్ కిట్‌కు విడిగా అమర్చే స్టార్టర్లు ఇంజన్ వెడల్పును పెంచుతాయి, పెడల్ చేయి తగులుతుందేమో కొలిచి చూసుకోవాలి. లోపలి కొక్కేలు తేలికరకానివైతే త్వరగా అరుగుతాయి. తొక్కి స్టార్ట్ చేసే దారి మూసుకుపోదు కాబట్టి తాడు తెగినా ఇంటికి చేరవచ్చు. ఆ భరోసా ఇందులో మంచి గుణం.

సెంట్రిఫ్యూగల్ క్లచ్‌తో ఆ భరోసా ఉండదు. ఇంజన్ ఒక వేగం దాటితేనే అది పట్టుకుంటుంది. ఆగి ఉన్న ఇంజన్‌కూ చక్రానికీ మధ్య లంకె ఉండదు, అంటే ఎంత తొక్కినా ఇంజన్ తిరగదు. ఈ సంగతి తెలియక క్లచ్ మాత్రమే కొని, తాడు స్టార్టర్ కొననివాళ్లు ఉన్నారు. రెండూ కలిపే కొనాలి. మాటిమాటికీ ఆగి కదలాల్సిన దారిలో తిరిగేవాళ్లకు ఈ జత ఎంతో హాయి: ఎడమ చేతికి పని ఉండదు, ఆగినప్పుడు ఇంజన్ ఆగిపోదు. ఫోర్ స్ట్రోక్ 49 సి.సి. కిట్లలో ఈ రెండూ కలిసే వస్తాయి. కొత్తగా కొనబోతున్నవాళ్లు, తొక్కి స్టార్ట్ చేయడం తమవల్ల కాదని ముందే తెలిసినవాళ్లు టూ స్ట్రోక్ కిట్ కొని దానికి మార్పులు చేసే బదులు నేరుగా అటే వెళ్లడం నయం. బరువు, వెడల్పు ఎక్కువ, లాగుడు నిదానం. పెట్రోల్లో ఆయిల్ కలిపే బాధ లేదు.

డ్రిల్లు యంత్రంతో ఇంజన్ నట్టు తిప్పి స్టార్ట్ చేసే పద్ధతి ఒకటి ఉంది. ఒకవైపే పట్టే బేరింగ్ ఉన్న సాకెట్ లేకుండా చేస్తే ఇంజన్ అంటుకోగానే డ్రిల్లు చేతిని మెలితిప్పేస్తుంది. ఇంటి దగ్గర పరీక్షకు తప్ప దీన్ని లెక్కలోకి తీసుకోను.

మరి ఎవరికి ఏది?

సమతల దారి, ఆరోగ్యంగా ఉన్న కాళ్లు, రోజుకు రెండు మూడుసార్లు స్టార్ట్ చేసే అవసరం: క్లచ్ సరిచేసుకుని మంచి ప్లగ్ పెట్టుకోండి, అంతకుమించి ఏదీ కొనకండి. ఇల్లు ఎక్కుడు దారిలో ఉండి పరుగు అందనివాళ్లకు, స్టాండు మీదే స్టార్ట్ చేయాలనుకునేవాళ్లకు కేబుల్ రకం కంప్రెషన్ వాల్వు. ప్రతి కూడలిలో ఆగేవాళ్లకు, తొక్కడం డాక్టరు వద్దన్నవాళ్లకు తాడు స్టార్టర్‌తో సెంట్రిఫ్యూగల్ క్లచ్. బరువైన మనిషికి వాల్వు అవసరం తక్కువ, బక్కపలచని వాళ్లకు ఎక్కువ. పైన చెప్పిన జౌళ్ల లెక్కలో బరువు కూడా ఉంది కదా.

ఏ మార్పు చేసినా మొదటిసారి రోడ్డెక్కే ముందు ఆపే స్విచ్ పనిచేస్తోందో, రెండు బ్రేకులూ గట్టిగా పడుతున్నాయో చూసుకోండి. స్టార్టింగ్ తేలికైన ఇంజన్ మీరు ఊహించినదానికన్నా ముందే అంటుకుంటుంది. పావు వంతుకు మించి యాక్సిలరేటర్ తెరిచి ఉంటే సైకిల్ చేతిలోంచి దూసుకుపోతుంది, కాబట్టి క్లచ్ లివర్ మీద నుంచి వేళ్లు పూర్తిగా తీసేయకండి.